నీళ్లబండి హేండిల్ కోసం విజయనగరం

ఉదయం ఆరుంబావుకే మా ఆయనా నేనూ కోటబొమ్మాళి స్టేషన్‌కి చేరుకున్నాం. విశాఖ వైపు పోయే పాసింజరు రావడానికి ఇంకా అరగంట ఉంది. నా చేతిలో చీపురు కర్ర, దాని మీద సుద్దముక్కతో గీసిన రెండు గుర్తులు. పక్కన వంకాయల గంప దించుకున్న ఒక పెద్దావిడ కర్రనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏటమ్మా, రైలు తుడవడానికి పోతన్నావేటి?"

"కాదమ్మా, సముద్రం మీద తోలే బండికి హేండిల్ కొనాలి. ఇది కొలత."

"సముద్రం మీదా! నీ మొగుడు తోల్తాడా?"

"నేనే తోల్తాను" అన్నాను. ఆవిడ గంప కాస్త దూరం జరుపుకుంది.

జెట్ స్కీ అంటే చాలామందికి కూర్చుని తోలేది గుర్తొస్తుంది. మాది నిలబడి తోలేది. సీటు ఉండదు. ముందు భాగం నుంచి పొడవాటి కాడ ఒకటి పైకి లేస్తుంది, దాని కొసన హేండిల్. మొదట మోకాళ్ల మీద ఉండి, బండి వేగం అందుకోగానే హేండిల్ పట్టుకుని లేచి నిలబడాలి. చెప్పడానికి ఇంతే.

బండి మావది. మావ అంటే నా భర్త పైడిరాజు, మా వైపు అలాగే పిలుస్తాం. ఎనిమిదేళ్లు గోవా తీరంలో ఈ బళ్లు తోలే పనే చేశాడు. కుడి భుజం కీలు మూడుసార్లు తప్పాక, ఆ చేత్తో ఇక బలంగా లాగే పనేదీ చెయ్యొద్దని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. నాలుగేళ్ల కిందట ఇంటికొచ్చేశాడు. వస్తూ ఈ పాత బండిని లారీలో వేసుకొచ్చాడు. ఇప్పుడు పంపుసెట్ల మోటార్లు బాగుచేస్తాడు. బండి మీద టార్పాలిన్ కప్పి, ఏటా "వచ్చే సీజన్‌కి ఎక్కుతాను" అంటాడు. నేనూ ఏటా తలూపుతాను.

కిందటి శీతాకాలం నేను ఊరుకోలేదు. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, అక్కడ నేర్పమన్నాను. నేర్పాడు. మోకాళ్ల దాకా వచ్చాను, అక్కడితో సరి. ఆ హేండిల్ తిన్నగా, ఎత్తు తక్కువగా, చాలా వెడల్పుగా ఉండేది. లేవబోతే చేతులు రెండూ చాచుకుపోయి ముందుకు బోర్లా పడేదాన్ని. ఆఖరికి అది తుప్పు పట్టి, ఇసుక దిబ్బకు గుద్దుకుని వంగిపోయింది. నేను హైస్కూల్లో ఆటల టీచర్ని. పిల్లల చేత కబడ్డీ ఆడిస్తున్నా నా మోకాళ్లు ఆ బండి మీదే ఉంటున్నాయి. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయి, ఒక్కసారి నీళ్ల మీద నిలబడాలని ఉంది. ఇంత గట్టిగా నేను కోరుకున్నవి చాలా తక్కువ.

రైలు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. టికెట్లు ఇద్దరికీ కలిపి వంద కూడా కాలేదు. కూర్చోవడానికి చోటు దొరికింది. తిలారు, ఉర్లాం దాటి ఆమదాలవలసలో ఇడ్లీ పొట్లాలు కొన్నాం. చట్నీ నీళ్లగా ఉంది కానీ వేడిగా ఉంది. మావ కిటికీ దగ్గర కూర్చుని, చెరువు కనబడినప్పుడల్లా మెడ తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూస్తున్నాడు. చెరువులో గేదెలు తప్ప ఏమీ లేవు.

పొందూరులో ఖద్దరు మూటతో ఒక పెద్దాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. నేత కుటుంబమట. కర్ర చూసి సంగతి అడిగాడు, చెప్పాను. నా చేతిలోంచి కర్ర తీసుకుని, రెండు గుర్తుల మధ్య జానతో కొలిచి, నా భుజాల వంక చూశాడు.

"ఎవరి కొలతమ్మా ఇది?"

"నాదే."

"నీది కాదు. బట్ట పన్నా సూసీ సూసీ ఈ కళ్లు ముసిలివైపోనాయి. ఇది మగోడి బుజాల పన్నా" అని కర్ర నాకిచ్చేశాడు.

ముందు రోజు సాయంత్రం నేను వంటలో ఉంటే మావే షెడ్డులో ఆ గుర్తులు పెట్టాడు. కళ్లు మూసుకుని, చేతులు వాటంతటవి ఎక్కడికి పోతే అక్కడ గీత గియ్యాలట, గోవాలో అలాగే చేసేవారట. నన్ను పిలవొచ్చు కదా అంటే "నీ కొలత నాకు తెల్దేటి" అన్నాడు. ఇప్పుడు అతని వంక చూశాను.

"సీకట్లో గీసినాను. కొంచెం అటూ ఇటూ అయ్యుంటాది" అన్నాడు కిటికీలోంచి ముఖం తిప్పకుండానే.

నాకు కోపం రావాలి, రాలేదు. కళ్లు మూసుకుంటే అతని చేతులు వాటి చోటికి అవి పోయాయి, అంతే కదా.

తొమ్మిదిన్నరకు విజయనగరంలో దిగాం. స్టేషన్ బయట పూరీ తిని, ఆటోలో గంటస్తంభం వైపు పోయి, మోటారు సైకిళ్ల సామాన్ల కొట్లు తిరిగాం. వెళ్లదలచినవాళ్లకు ఒక మాట. మెరిసే ఇనప హేండిళ్ల జోలికి పోవద్దు, ఉప్పునీళ్లకు ఒక్క ఏడాది ఆగవు. మట్టి రోడ్ల మీద తోలే బళ్లకు వేసే అల్యూమినియంవి అడగాలి. పాత బిగింపు ముక్క వెంట తీసుకెళ్తే గొట్టం లావు అక్కడే సరిచూసుకోవచ్చు. మొదటి రెండు కొట్లలో మమ్మల్ని వింతగా చూసి పంపేశారు. మూడో కొట్టు యజమాని, యాభై దాటిన మనిషి, అటక మీంచి రెండు దించాడు. ఒకటి పాతదానిలాగే తిన్నగా, వెడల్పుగా ఉంది. రెండోది మధ్యలో పైకి వంపు తిరిగి, చివరలు కొంచెం వెనక్కి ఉంది.

మావ చెయ్యి తిన్నగా ఉన్నదాని మీదికి పోయింది. "ఇదే అసలైంది. మలుపులో దీనికున్న బలం దేనికీ ఉండదు."

"స్టూలేస్తాను, కూకుని సూడమ్మా" అన్నాడు యజమాని.

"కూర్చునే బండి కాదండీ" అని కొట్టు నేల మీద మోకాళ్లు వేశాను. మావ నా ముందు నిలబడి హేండిల్ని ఎడం చేత్తో గట్టిగా పట్టుకుని, బండి లాగినట్టే తన వైపు లాగాడు. తిన్నగా ఉన్నదానితో లేవబోయి నట్ల డబ్బా మీద పడ్డాను. వంపుదానితో ఒకే ఊపున లేచి నిలబడ్డాను. బజార్లో పోయేవాళ్లు ఇద్దరు ఆగి చూశారు. సిగ్గు లేకుండా ఇంకోసారి మోకాళ్లేసి లేచాను.

వెడల్పు మాత్రం నాకు ఎక్కువే. అటు మూడు వేళ్లు, ఇటు మూడు వేళ్లు.

"ఎడల్పు ఎక్కువైతే లోపలికి జరిపి పట్టుకోండి. కోసేస్తే మళ్లీ అతకదు" అన్నాడు యజమాని.

కోయకపోతే మావకీ పనికొస్తుంది. కోస్తే అది నా ఒక్కదానిదే. హేండిల్ మళ్లీ కొనుక్కోవచ్చు, అది కాదు సంగతి. వచ్చే సీజన్ అనే మాట ఇంక మా ఇంట్లో ఉండదు. కోయమని నా నోటితో ఎలా అనను?

మావ ఆ గొట్టం అందుకుని, రెండు చివరలూ పట్టుకు చూశాడు.

"సివర్లు బయటికుంటే పడినప్పుడు పక్కటెముకల్లో దిగుతాయి. గోవాలో సూసినాను" అని, యజమాని వైపు తిరిగి "హేక్సా రంపం ఉంటే ఇలా ఇయ్యండి" అన్నాడు.

"నేను కోస్తాలే మావా."

"నువ్వు అటు పట్టుకో."

కుడిచేత్తో రెండుసార్లు లాగి, పళ్లు బిగించి, ఎడం చేతికి మార్చుకున్నాడు. అలవాటు లేని చెయ్యి, బ్లేడు జారుతూ పోయింది. ఒక్కో వైపు పావుగంట పట్టింది. యజమాని సాయం వస్తానంటే వద్దన్నాడు. అంచులు గరుకు కాగితంతో రుద్ది, బొటనవేలితో తడిమి చూసి నా చేతికిచ్చాడు. ధర విన్నాక మాత్రం ఎప్పటిలాగే రెండుసార్లు దగ్గాడు.

మధ్యాహ్నం భోజనం బాగుంది, ముఖ్యంగా గోంగూర పచ్చడి. సాయంత్రం రైలు దాకా ఆగడం ఎందుకని మూడు గంటలకు శ్రీకాకుళం బస్సెక్కాం. అక్కడ కోటబొమ్మాళి బస్సు మారితే చీకటి పడకుండా ఇల్లు చేరొచ్చు. హేండిల్ని ఇద్దరి ఒళ్లోనూ అడ్డంగా పెట్టుకున్నాం.

"బస్సు నాను నడుపుతాను గాని, ఆ హేండిల్ లోపలెట్టండి" అన్నాడు డ్రైవరు అద్దంలోంచి. బస్సులో అందరూ నవ్వారు, మావ కూడా.

రణస్థలం దాటాక గాలి చల్లబడింది. ఆదివారం మొగ దగ్గర ఎన్నింటికి దిగాలో లెక్కేసుకుంటూ, ఎంత సంతోషంగా ఉన్నానో ఎవరికైనా చెప్పాలనిపించి పక్కకు తిరిగాను. మావ కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్ర కాదు. చేతులు రెండూ హేండిల్ మీదున్నాయి. మెల్లగా చివరలకు పోయాయి, అక్కడా ఆగలేదు. చిటికెన వేలూ దాని పక్క వేలూ రెండు వైపులా అంచు దాటి గాలిలో ముడుచుకున్నాయి. ముఖం మీద నీళ్లు చిమ్ముతున్నట్టు కనురెప్పలు బిగించి ఉన్నాయి. కుడి బొటనవేలు, అక్కడ లేని ఆక్సిలరేటర్‌ని నొక్కుతోంది.

బస్సు గతుకులో పడింది. కళ్లు తెరిచి, నేను చూశానని గ్రహించాడు. వేళ్లు లోపలికి తీసుకోలేదు, చేతులే తీసేశాడు. నా రెండు చేతులూ పట్టుకుని వాటి స్థానంలో పెట్టాడు.

"సరిపోయిందేటే?"

"సరిగ్గా సరిపోయింది మావా" అన్నాను. నిజంగానే సరిపోయింది. ఆ నిమిషంలో అది నాకు ఒక వేలు వెడల్పు ఎక్కువైనా బాగుండుననిపించింది.