ఇంకా రెండు ఆటలున్నయి

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంటు టెన్నిస్ కోర్టులో ఎవరో కొత్త బంతుల డబ్బా మూత లాగారు. ఫుస్సుమని గాలి, దాని వెంట పచ్చి రబ్బరు వాసన. నెత్తిమీదుగా విమానం ఒకటి చక్రాలు దించుకుంటూ పోతోంది. ఆ రొదలో పక్కవాళ్ళ మాటలు వినబడలేదు కానీ, ఆ వాసన మాత్రం నన్ను తిన్నగా తీసుకుపోయి యాదగిరి సారు పక్కన కూర్చోబెట్టింది. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. అప్పటికి ఇక్కడ శంషాబాద్‌లో విమానాశ్రయం లేదు. పొలాలూ గుట్టలూ బెంగుళూరు రోడ్డూ ఉండేవి. తెనాలి వైపు నుంచి కరెంటాఫీసు గుమాస్తాగా వచ్చి, నేను ఆయన ఇంటి ముందుగదిలో కిరాయికి దిగాను.

సారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. బడి వెనక మొరం పోయించి, సున్నంతో గీతలు గీసి కోర్టు తయారుచేశారు. దేశాల జట్లు తలపడే డేవిస్ కప్పంటే ఆయనకు ప్రాణం. తొంభై మూడు ఎండాకాలంలో ఆ పద్ధతినే మా ఊళ్ళకు దించారు. శంషాబాద్, తుక్కుగూడ, మంఖాల్, బాలాపూర్, ఊరికో జట్టు. మూడు రోజుల్లో ఐదు ఆటలు. మూడు గెలిచిన ఊరిదే గెలుపు, అయినా మిగిలినవి కూడా ఆడాల్సిందే. ఏ ఊళ్ళో ఆడితే నేల ఆ ఊరివాళ్ళ ఇష్టం. జట్టుకో కెప్టెన్ ఉంటాడు, అతను మాత్రం ఆడడు. కోర్టులోనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆటగాళ్ళు వైపులు మారే కాసేపట్లో తువ్వాలు అందించి, మంచినీళ్ళిచ్చి, చెప్పాలనుకుంటే ఒక మాట చెబుతాడు. తెల్ల బట్టలు, సుద్ద పూసిన తెల్ల కాన్వాసు బూట్లు, ఇనప మడత కుర్చీ, భుజాన తువ్వాలు. మా కెప్టెన్ సారే.

మంఖాల్‌వాళ్ళు ఆటకు తమ కళ్ళాన్ని ఎంచుకున్నారు. చుట్టాలొస్తున్నారని మర్యాదగా దాన్ని పేడతో చిక్కగా అలికారు. గీతలు ముగ్గుపిండితో పెట్టారు. బంతి పడ్డచోటే చతికిలబడింది, పైకి లేస్తే ఒట్టు. మేం గొణుగుతుంటే సారు కసిరారు. "నేల ఆల్లది. సుట్టపుసూపుగ పోయినోడు వాకిలి మంచిగ లేదంటడా?"

మొదటి రోజు రెండు ఆటలూ, రెండో రోజు జంటల ఆటా ఓడిపోయాం. మూడో రోజుకు మిగిలిన రెండు ఆటల్లో ఒకటి నాది. నాది అప్పట్లో తెగేదాకా లాగే తత్వం కాదు, తెగుతుందనిపిస్తే ముందే వదిలేసే తత్వం. సంచి సైకిలుకు తగిలిస్తుంటే సారు చూశారు.

"యాడికి పోతున్నవ్ మూర్తీ?"

"అయిపోయింది కదండీ సార్. ఇక ఆడి ఏం లాభం?"

"ఇంకా రెండు ఆటలున్నయి. గా పిలగాడు తానం జేసి, కొత్త బనీనేసుకొని నీ కోసం నిలబడ్డడు. ఆనికేమని జెప్పాలె? జర నడువు. నేనున్న గద."

ఆడాను. మళ్ళీ ఓడిపోయాను. వైపులు మారినప్పుడల్లా తడి తువ్వాలు నా మెడమీద వేశారు తప్ప ఒక్క సలహా ఇవ్వలేదు. పేడ కొట్టుకుపోయిన బూట్లతో తిరిగొస్తుంటే సిగ్గుపడతానేమో అనుకున్నాను. ఎందుకో మనసు తేలిగ్గా ఉంది.

వానలు పడ్డాక అసలు డేవిస్ కప్పులో మన దేశం ఫ్రాన్స్‌ను వాళ్ళ మట్టి కోర్టు మీదే ఓడించి సెమీఫైనలుకు వెళ్ళింది. సారు వీధంతటికీ మిరపకాయ బజ్జీలు పంచారు. తాను ఒక్కటీ ముట్టలేదు. అడిగితే, "కడుపుల జర మంటుంది" అన్నారు. ఆ మంట పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. కోసి చూసిన డాక్టర్లు అలాగే కుట్లు వేసి పంపేశారు. గేటు దగ్గర ఆయన భార్య లక్ష్మమ్మగారు నాతో చెప్పింది. "మా చేతిల ఏం లేదన్నరు బిడ్డా. ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఆయనకు గూడ ఎరుకే."

ఆ సెమీఫైనలు మన దేశంలోనే, ఆస్ట్రేలియాతో. రెండో రోజుకే మూడు ఆటలూ పోయాయి. మూడో రోజు నేను వాళ్ళ గదిలోకి వెళ్ళేసరికి సారు మంచం మీద ఉన్నారు. నులకలో కలిసిపోయేంత సన్నబడ్డారు. టీవీ నడుస్తోంది. గుమ్మంలోనే నిలబడిపోయాను. లక్ష్మమ్మగారు లేచి, "ఓడిపాయె గద, ఇగ బంద్ జేయనా?" అంది.

"ఉండనీ. ఇంకా రెండు ఆటలున్నయి" అన్నారు సారు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. మూలనున్న ఇనప కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసుకుని, తువ్వాలు తడిపి ఆయన మొహం తుడిచాను. "నాకేం చెప్పాలో తెలియట్లేదు సార్" అన్నాను.

"కెప్టెన్ మాట్లాడకున్నా నడుస్తది. కూసో."

అప్పట్నుంచి రోజూ ఆఫీసు నుంచి నేరుగా ఆ కుర్చీలోకే వచ్చేవాణ్ణి. కాళ్ళు నేలకు ఆనడం మానేశాక కూడా ఆయన రోజూ గడ్డం గీయించుకునేవారు, బూట్లకు సుద్ద పూయమనేవారు. ఒకసారి ఉండబట్టలేక, "ఇప్పుడెందుకండీ సార్?" అన్నాను. "ఏసుకుంటనో లేదో అది రేపటి ముచ్చట. బూట్లయితే తెల్లగుండాలె" అన్నారు.

దసరా వెళ్ళాక పోయారు. పాడె కడుతుండగా లక్ష్మమ్మగారు ఆ బూట్లు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ముందురోజు సాయంత్రమే పూశాను, తెల్లగానే ఉన్నాయి. అయినా అరుగు మీద కూర్చుని మళ్ళీ పూశాను.

ఓదార్పు మాటలు నాకు ఈనాటికీ చేతకావు. మనవాళ్ళెవరైనా మంచాన పడ్డారనీ, డాక్టర్లు చేతులెత్తేశారనీ తెలిస్తే మాత్రం, ఒక తువ్వాలు భుజాన వేసుకుని వెళ్తాను. కుర్చీ మంచం దగ్గరకు జరుపుకుని కూర్చుంటాను.