పట్టాభిషేకపు ముద్ద

కేతవ్వ నోటికి కన్నడ కొండసీమ మలెనాడులోని ఆ ఊరంతా జడిసేది. నాట్లు వేసేటప్పుడు ఆమె పక్క వరసలో వంగాలంటే మగవాళ్లకే గుండె దడ.

పాత రాజు పోయి కుర్రరాజు గద్దెనెక్కిన రోజున కోట ముంగిట అన్నం వండారు. రాజు తిన్న విస్తరిలోంచి ఒక ముద్ద అందుకుని తిన్నవాళ్లు ఆయనకు ప్రాణబంట్లు. ఊరికే కాదు, కాస్త మడి కూడా ఇస్తారు. కానీ రాజు పోయిన రోజున వాళ్లూ ఆయన చితి మీదికే. కేతవ్వ మొగుడు మాసెయ్య ఎగబడి మరీ ఆ ముద్ద తిన్నాడు. చాలక, నాలుగు మెతుకులు పంచె చెంగున కట్టుకొచ్చి పెళ్లాం నోట్లో పెట్టాడు. రాజుగారి ప్రసాదమట, వెర్రిబాగులవాడు!

సంగతి తెలిశాక కేతవ్వ అంతెత్తున లేచింది. "ఏవయ్యా, బుద్ధుందా నీకు? చావుని మూటగట్టుకొచ్చి నాకు పెడతావా?"

"ఒసే, ఆ పిల్లాడికి మీసాలైనా రాలేదే. నేను ముసలాణ్ణై పోయిన ఎన్నాళ్లకో కదా ఆయన పోయేది! వాగు కింద మడి మాత్రం ఇప్పుడే మనది."

నిజమే కదా అనిపించి ఆమె కూడా నవ్వేసింది.

మూడో వానాకాలంలో రాజుకు జ్వరం పట్టుకుంది. మాసెయ్య ఎదురొస్తే జనం మాటలు ఆపేసేవారు. దూరం నుంచి తప్ప చూడని ఆ రాజు కోసం కేతవ్వ మొక్కని దేవుడు లేడు. అయినా ఒక పొద్దున కోట మీంచి చావు డప్పు వినబడింది. ఆమె మొగుడి చెయ్యి పట్టుకుంది.

"కొండలు దిగి పారిపోదాం పద. సముద్రం ఒడ్డున మనల్నెవడు గుర్తుపడతాడు?"

"పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదే నేను. ఇప్పుడు మాట తప్పమంటావా?"

"అలాగా! ఆ మెతుకులు నేనూ తిన్నాను. నువ్వెళ్తే నేనూ వస్తా. ఎలా వెళ్తావో చూస్తా!"

మాసెయ్య ముఖం పాలిపోయింది. ఈ దెబ్బతో ఆగిపోతాడనుకుంది పాపం. అతను స్నానం చేసి కోటకు నడిచాడు. ఆమె తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ వెంటపడింది.

చితి దగ్గర దండనాయకుడు బూచిమయ్య ఒక్కొక్కరిచేత కత్తి మీద చెయ్యి వేయించి అడుగుతున్నాడు.

"నీ ముద్దలో ఇంకెవరైనా తిన్నారా?"

మాసెయ్య గుంపులో ఉన్న పెళ్లాం వైపు చూశాడు.

"లేదు సామీ. నేనొక్కణ్ణే తిన్నాను."

నేనూ తిన్నానని అరవాలని కేతవ్వ నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసేసుకుంది. దుఃఖమనుకునేరు, కాదు. హమ్మయ్య అనుకుంది. కట్టుకున్నవాడు మంటల్లోకి నడుస్తుంటే, బతికిపోయానురా దేవుడా అనుకుంది.

తరవాత ఊరివాళ్లు వాగు గట్టున మాసెయ్య పేర వీరగల్లు రాయి నిలబెట్టి, అబద్ధమెరుగని మనిషని దాని మీద చెక్కించారు. ఏటా ఆ రోజున కేతవ్వ అక్కడ దీపం పెట్టేది.

"అదృష్టవంతురాలివే కేతవ్వా! అంత సత్యవంతుడు ఎవరికి దొరుకుతాడు?" అనేవారు ఆడవాళ్లు.

ఆమె వెక్కి వెక్కి ఏడ్చేది. పాపం, ఇన్నేళ్లయినా మొగుణ్ణి మరచిపోలేదని వాళ్లు ఆమె వీపు నిమిరేవారు.