మామగారి దారిలో దండేలు

ఒక్‌బున్‌ది మాపో రేవు. నాన్న ఉప్పురొయ్యలు అమ్మేవాడు. ఆ పిల్లను సంగ్మున్ కోరి చేసుకున్నాడు. సంగ్మున్ ముత్తాతలు రాజులు. రాజ్యం ఎప్పుడో పోయింది. యుద్ధం అయ్యాక పెద్ద ఇల్లూ పోయి, తల్లీ కొడుకూ సియోల్‌లో ఓ ఇరుకు సందులో రెండు గదుల్లోకి వచ్చిపడ్డారు. అతను బడిలో లెక్కలు చెబుతాడు.

ఆ ఇంటి సంగతులు తెలుసుకోకపోతే సందులో ఆడవాళ్లకు తోచేది కాదు. బొగ్గు దిమ్మెలు అమ్మే చిల్‌సూన్ కుళాయి దగ్గర ఒక్‌బున్‌ను ఆపి, "ఏమ్మా యువరాణీ, మీ ఇంట్లో కిమ్చీ పచ్చడి కూడా కిరీటం పెట్టుకుంటుందా?" అనేది. అంటూనే తన బిందె పక్కకు జరిపి ఒక్‌బున్‌ను ముందు పట్టుకోనిచ్చేది.

ఒక్‌బున్‌కూ ఆరా ఎక్కువే. రాజుగారికి జలుబు చేస్తే ముక్కు ఎవరు తుడిచేవారని అత్తగారినే అడిగేసింది. ఆవిడ ముఖం తిప్పుకుంది. సాయంత్రం అన్నం తింటూ మాత్రం, "ఆయనే తుడుచుకునేవారు. గుడ్డ పట్టుది," అని చెప్పింది.

అత్తగారు మంచిదే. చేపలో నడిముక్క కోడలి గిన్నెలోకే జారవిడిచేది. ఒక్క విషయంలోనే గట్టిది. మామగారి తద్దినానికి కోడలు వండవచ్చు గానీ, అన్నం గిన్నె పట్టుకుని, ఆయన పేరు రాసి నిలబెట్టిన పలక ముందుకు రాకూడదు. రొయ్యల ఉప్పులో నానిన చేతులట. ఆ గిన్నె పెట్టనిదే కోడలు ఆ ఇంటి కోడలు కాదు. ఒక్‌బున్ ఏటా గది బయటే నిలబడి, లోపలి సాంబ్రాణి పొగకే మొక్కుకునేది.

అర్ధరాత్రి పెట్టాల్సిన తద్దినం, ఆ వేళ కర్ఫ్యూ ఉంటుంది కాబట్టి సందెవేళే పెట్టేవారు. ఆ ఏడు వంట ముగించి ఒక్‌బున్ వాకిట్లో దండెం విప్పుతుంటే అత్తగారి కంటపడింది. ఎందుకని అడిగింది.

"మామయ్యగారు వస్తారు కదండీ. వచ్చే పెద్దలకు తాడు అడ్డం తగులుతుందని మావైపు విప్పేస్తారు."

పాత ఇంట్లో బట్టలు ఎక్కడ ఆరేవో కూడా అత్తగారు ఎరగదు. తలుపు తీసి సందులోకి చూసింది. ఆ చివరి దాకా దండేలే, వాటి నిండా దుప్పట్లే.

"ఆయన పొడుగు మనిషి," అంది మెల్లగా. "ఈ సందూ ఎరగరు. ఇన్నేళ్లూ పెట్టింది అందిందో లేదో."

చెప్పులు వేసుకుంది. ఇరుగుపొరుగుతో ఎన్నడూ మాట్లాడని మనిషి, చిల్‌సూన్ గుమ్మం ముందుకెళ్లి నిలబడింది. "మా ఆయన వస్తున్నారు. కాసేపు దండెం తీస్తారా?"

చిల్‌సూన్ ఏదో అనబోయింది. ఆ కళ్లు చూసి ఆగింది. తడి దుప్పటి భుజాన వేసుకుని, "రానీయండి రాణీగారూ. తద్దినానికి మా అత్తా ఇటే రావాలి. పొట్టిది కదా, తాళ్ల కిందనుంచి దూరి వచ్చేస్తుందిలే అనుకున్నాను," అంది. నవ్వు ఇంటింటికీ పాకింది, దండేలు ఒక్కొక్కటే దిగాయి.

సంగ్మున్ సాంబ్రాణి వెలిగించాడు. అత్తగారు అన్నం గిన్నె అందుకుని, ఒక్క క్షణం ఆగి, గది బయట ఉన్న కోడలికి చాపింది.

"నువ్వు పెట్టు. దారి చూపిందానివి నువ్వు."

ఒక్‌బున్ లోపలికి వెళ్లింది. ఇన్నాళ్లూ ఎంత పెద్దదో అనుకున్న పలక జానెడు కొయ్యముక్క. గిన్నె దాని ముందు పెట్టి, అన్నం వేడిగా ఉంది, నెమ్మదిగా తినండి మామయ్యగారూ అని లోలోపలే చెప్పుకుంది.