ఐ పక్కన వర్

బీఎడ్ చదివే రోజుల్లో టీచింగ్ ప్రాక్టీసుకు నన్ను గరివిడిలోని ఒక హైస్కూల్లో వేశారు. మాది కళింగపట్నం. నాన్న వేటకు వెళ్తాడు, అమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. మా ఇంట్లో ఇంగ్లిష్ పాఠం చెప్పబోయే మొదటి మనిషిని నేనే.

ఒక శనివారం తొమ్మిదో తరగతిలో ‘ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్’ అని బోర్డు మీద రాశాను. రెండో బెంచీలోని పిల్ల లేచింది.

“మేడం, ఐ పక్కన వాజ్ కదా వస్తాది? వర్ ఏటి?”

“అది రూల్ అమ్మా.”

“ఎందుకొచ్చినాది మేడం ఆ రూలు?”

నాకు తెలియదు. పాస్ట్ సబ్‌జంక్టివ్ అనే పేరు తెలుసు, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను, అంతే. సోమవారం చెప్తానని తప్పించుకున్నాను. ఆ సోమవారమే మా కాలేజీ లెక్చరర్ నా పాఠం చూడటానికి వస్తున్నారు.

ఆదివారం ఇంటికి వెళ్లాను. అమ్మ ఇసుకలో పరిచిన నెత్తళ్లు తిరగేస్తోంది. నేనూ పక్కన కూర్చుని చెయ్యి వేశాను. దూరంగా పడవలు కదులుతున్నాయి. నాన్న ఇంకా వల సర్దుకుంటూనే ఉన్నాడు. అమ్మ అటు చూసి విసుక్కుంది.

“నానే మగోడినైతే, మీ నాన్న కంటే ముందు సంద్రంలోకి పోదును.”

“మళ్లీ సెప్పమ్మా.”

“ఏటే, సెవిలో నీళ్లెల్లినాయా?”

అమ్మ మగవాడు కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, వింటున్న నాకూ తెలుసు. అందుకే ‘పోతాను’ అనలేదు, ‘పోదును’ అంది. లేని సంగతి చెప్పడానికి క్రియ రూపం మార్చుకుంది. ఇంగ్లిష్‌లో ఐ పక్కన వర్ చేసే పనీ అదే. చేతులనిండా చేపల వాసనతో అక్కడే నోట్సు రాసుకున్నాను.

సోమవారం లెక్చరర్ వెనక బెంచీలో కూర్చున్నారు. నేను అమ్మ మాటనే బోర్డు మీద రాశాను.

“మా అమ్మ మగవాడా?”

“కాదు మేడం.”

“వాజ్ అంటే నిజంగా ఎప్పుడో జరిగిందేమో అనిపిస్తుంది. వర్ అంటే ఇది లేని సంగతి, ఊహే అని వినేవాళ్లకు తెలిసిపోతుంది.”

తర్వాత పిల్లలు ఇంగ్లిష్‌లో వాక్యాలు చెప్పడం ఆపలేదు. తాను హెడ్మాస్టరైతే పన్నెండింటికే బెల్లు కొట్టిద్దునని ఒకడు, రైలు డ్రైవరైతే తమ ఇంటి ముందు ఆపుదునని ఇంకొకరు. అందరి నోటా వర్ తప్పకుండా వచ్చింది.

చివర్లో లెక్చరర్ ముందుకు వచ్చారు. “చాలా బాగుంది. ఇఫ్ ఐ వాజ్ యూ...”

“వర్ సార్,” అంది రెండో బెంచీ పిల్ల.

ఆయన ఆ పిల్లను చూశారు, బోర్డును చూశారు, మెల్లగా నవ్వారు.

“వర్. ఇఫ్ ఐ వర్ యూ, ఐ వుడ్ బీ వెరీ ప్రౌడ్ టుడే,” అన్నారు నాతో.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన నా రికార్డులో ఏం రాస్తున్నారో తొంగి చూడాలని కూడా అనిపించలేదు. ఆ పిల్లను పిలిచి సుద్దముక్క చేతికిచ్చాను. తర్వాతి వాక్యం తనే రాసింది.