కప్పుల మీద పండిన పంట

"ఈ దగ్గు తగ్గకపోతే? వీడి ఊపిరితిత్తుల్లోకి ఇంకా ఏమేం పోతోందో."

2006లో నందివెలుగు శివార్లలో అద్దెకు దిగిన కొత్తలో, ఏడాది పిల్లవాణ్ణి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి నాలో నేనే పైకి గొణుక్కున్న మాట ఇది. వీధి కుళాయి కింద బిందె పెట్టుకున్నావిడ తల తిప్పి, "మా మనవరాలికీ అదే దగ్గమ్మా. బూడిద," అంది. ఆవిడే ఏసమ్మ.

ఏసమ్మది పక్క కాలనీ. నాట్లకీ కలుపుకీ వెళ్తుంది. ఊక మండించి కరెంటు తీసే మిల్లులో ఆవిడ భర్త లూకా బాయిలరు దగ్గర పని చేస్తాడు. బొగ్గు అక్కర్లేని కరెంటు కాబట్టి అది మంచిదని తెనాలి స్కూల్లో నేను పాఠం చెప్పేదాన్ని. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మంచి కరెంటు తీగల మీద ఎక్కడికో పోయేది, బూడిద మాత్రం కాలనీ మీదే పడేది. ఆ బూడిదలో ఎక్కువ భాగం ఊపిరితిత్తులకు చేటు చేసే సిలికా అని చదువుకున్నందువల్ల నాకు భయం పెరిగిందే తప్ప ఏం చెయ్యాలో తోచలేదు.

మిల్లు మూసెయ్యమని ఏసమ్మ ఎప్పుడూ అనలేదు. మూస్తే కాలనీలో సగం ఇళ్ళకు పని పోతుంది. మిల్లు వెనక పోసే బూడిద గుట్టకు షెడ్డు వెయ్యాలి, పొగగొట్టంలో బూడిద పట్టే ఏర్పాటు చెయ్యాలి, అంతే అడిగింది. నా చేత మిల్లు యజమానికి అర్జీలు రాయించింది. జవాబు రాలేదు.

"గొడవ చేస్తే నా పని తీసేస్తారే," అన్నాడు లూకా.

"నీ కూటి మీదే పడుతోందిగా అదంతా. ఊదుకుని తింటున్నావు, కనపడట్లేదా?"

ఇంతలో చర్చిలో కోత పండుగ వచ్చింది. పంటలో తొలి భాగం దేవుడికి తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలోనే వేలం వేస్తారు. మిల్లు యజమాని సాంబశివరావు గారు ప్రతి ఏటా అతిథి. మొదటి వస్తువు ఆయనే పాడుకోవాలి, ఇంకొకరికి వదిలితే నామోషీ. పాడుకున్నది పాడుకున్నవాళ్ళే మోసుకెళ్ళడం అక్కడి పద్ధతి.

వేలం వేసే సంఘపెద్ద శాలేమురాజు ముందుకు ఏసమ్మ ఒక గోనెసంచి జరిపింది.

"ఇదేంటి ఏసమ్మా?"

"మా కప్పుల మీద పండిన పంట పెదనాన్నా. దున్నలేదు, నీళ్ళు కట్టలేదు. కాలనీ అంతా ఊడ్చి తెచ్చాం. ముందు దీన్నే వెయ్యండి."

శాలేమురాజు సంచి మూతి విప్పి చూసి గట్టిగా తుమ్మాడు. జనం నవ్వారు. లూకా గోడ చాటుకు తప్పుకున్నాడు. సాంబశివరావు గారు నవ్వలేదు. లూకా పని పోయినట్టేననుకున్నాను. కూరగాయల వ్యాపారి ఒకాయన తమాషాకి పాట మొదలుపెట్టాడు. యజమాని మొహం చిట్లించి పైపాట పాడారు. వ్యాపారి ఆగలేదు. ఆయనా ఆగలేదు. చివరికి సంచి ఆయనకే దక్కింది.

"ఎంత బరువుంటుంది?" అని అడిగారు.

"ఎత్తుకుంటే తెలుస్తుంది బాబుగారూ. మా పిల్లలు మోస్తూనే ఉన్నారు, ఛాతీల్లో."

ఆయన సంచి భుజాన వేసుకుని కారు దాకా నడిచారు. కుట్లలోంచి బూడిద రాలి తెల్లచొక్కా వీపంతా మాసిపోయింది. కారెక్కబోతూ దగ్గు వచ్చి ఆగారు. దగ్గు తగ్గాక, "లూకా ఏడి? రేపు పెందరాళే రమ్మను. షెడ్డు ఎక్కడ వెయ్యాలో చూపిస్తాడు," అన్నారు.

షెడ్డు వేశారు. గుట్ట మీద నీళ్ళు చల్లడం మొదలైంది. పొగగొట్టం పని కోసం మాత్రం మళ్ళీ వానలు వచ్చేదాకా ఏసమ్మ తిరగాల్సి వచ్చింది. తిరిగింది. లూకా పనిలోనే ఉన్నాడు. కాలనీలో ఇప్పుడు ఒడియాలు ఆరుబయటే ఎండబెడుతున్నారు.

మాకు బాపట్ల బదిలీ అయినప్పుడు చెప్పిరావడానికి వెళ్ళాను. "చదువుకున్నావు కాబట్టి నీకు భయం ముందొస్తుందమ్మాయ్. రానీ. కానీ దాంతో ఒక్కదానివే ఇంట్లో కూర్చోకు. పక్కింటికెళ్ళి, మీ పిల్లలెలా ఉన్నారని అడుగు," అంది ఏసమ్మ.

ఇక్కడ మా వీధి చివర ప్లాస్టిక్ చెత్త తగలబెడుతున్నారు. నిన్న పొద్దున పొగ లోపలికి రాగానే వెళ్ళి పక్కింటి గౌసియా గారి తలుపు తట్టాను. ముందు వాళ్ళ పిల్లలెలా ఉన్నారని అడిగాను.