చెవికి పెట్టిన బొట్టు

పటమట టైలరు గారి కుడి చెవిని క్యాన్సరు ఆపరేషన్లో తీసేశారు. వినికిడికి పెద్ద లోటు రాలేదు. ఇబ్బందల్లా కళ్ళజోడుతోనే. ఆనుకోవడానికి చెవి లేక మిషను మీదకి జారేది. ఎలాస్టిక్‌తో తలకి కట్టుకుంటే, సరిగ్గా దారం ఎక్కించే వేళకి నుదుటి మీదకి ఎగిరేది. దసరా, రంజాన్ దగ్గరదగ్గరగా వచ్చిన ఏడాది అది. పండగ బట్టలు ఆయన కొట్లో గుట్టపడి ఉన్నాయి.

పళ్ళతో పాటు మొహంలో పోయిన భాగాలు కూడా చేసిపెట్టే డెంటల్ కాలేజీ వాళ్ళు ఆయనకి సిలికాన్ చెవి చేశారు. సిలికాన్ కొత్త రకం. ఒంటికి హాని చెయ్యదని మా ల్యాబ్ రిపోర్టు ఇస్తేగాని తగిలించరు. నేను ఎమ్మెస్సీ అయిపోయి ఆ ల్యాబులో కొత్తగా చేరాను.

"ఏం పరీక్ష బాబూ?" అనడిగారు ఆయన.

"సిలికాన్ ముక్కల్ని పోషక ద్రవంలో నానబెట్టి, ఆ ద్రవాన్ని ఎలుక కణాల మీద పోస్తాం చాచా. అవి బతికితే పాస్."

"అంటే నా చెవికి ఎలుక ఒప్పుకోవాలా?"

"ఎలుక కాదు, దాని కణాలు."

"ఎలుకైతే బతిమాలుకునేవాణ్ణి."

కణాలు ఒప్పుకోలేదు. మైక్రోస్కోపులో చూస్తే అన్నీ చచ్చి తేలుతున్నాయి. హాని చెయ్యదని ఎప్పుడో తేలిన ప్లాస్టిక్ ముక్కని పోలిక కోసం పెట్టాం, దాని ద్రవంలోనూ చచ్చాయి. అంటే తప్పు సిలికాన్‌ది కాదు, మాది.

ముక్కల్ని నానబెట్టింది ఆయుధపూజ నాడు. ఆ రోజు నేను సెలవు. ఇప్పుడు ల్యాబంతా తిరిగి చూశాను. బొట్టు పడినవి: మైక్రోస్కోపు, ఇంక్యుబేటరు, ఫ్రిజ్, ఫైర్ సిలిండరు, నానబెట్టే ముందు రెండు రకాల ముక్కలూ ఉంచిన గాజు గిన్నె మూత. గిన్నె లోపల కూడా ఎర్రటి పొడి.

"ముక్కలకి కూడా పెట్టారా మేడమ్?" అని మా హెడ్‌ని అడిగాను.

"పెట్టనా మరి? ఫైర్ సిలిండరుకి పెట్టి, ఒక మనిషికి చెవి కాబోయేదాన్ని వదిలేస్తానా?"

మా ద్రవం మామూలుగానే గులాబీ రంగు. కుంకుమ కలిసినా కంటికి తెలీదు.

"కుంకుమకి చచ్చిపోతాయా?" మేడమ్ నొచ్చుకున్నారు. "మేమంతా రోజూ పెట్టుకుంటాం!"

"మనకి చర్మం ఉంది మేడమ్. వాటికి లేదు."

రిపోర్టులో కారణం రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. 'కుంకుమ వల్ల కలుషితం' అంటే ఆవిడ సంతకం పెట్టనన్నారు. చివరికి 'ఎర్రటి పొడి, మూలం తెలిసినది' దగ్గర రాజీ పడ్డాం.

రెండోసారి మూతకి నేనే టేపు వేశాను. మేడమ్ గుమ్మం దగ్గరే నిలబడి దండం పెట్టుకున్నారు. కణాలు బతికాయి.

చెవి తగిలించాక కొట్టుకి వెళ్ళాను. కళ్ళజోడు తిన్నగా నిలిచింది. దారం ఒక్కసారికే ఎక్కింది. ఆయన తలెత్తి నన్ను ఎగాదిగా చూశారు.

"ఈ చొక్కా ఎవడు కుట్టాడు బాబూ? కాలరు ఒక పక్కకి పోయింది."

"రెడీమేడ్ చాచా. సరిచేస్తారా?"

"రంజాన్ అయ్యాక తీసుకురా. ఇప్పుడు నాకు ఊపిరాడటం లేదు," అని మిషను తొక్కడం మొదలుపెట్టారు.