మా బావకు నేను నేర్పిన ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట

ఒక్క ఇంగ్లిష్ మాట నేర్పి, ఒక్క ఒట్టు వేయించి, తోడబుట్టిన అక్క సంసారాన్ని ఒక్క పూటలో ముంచబోయినవాణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఇది రాస్తున్నది వాడే. ఇప్పటికీ జగిత్యాల బస్టాండులో దిగితే ఒక లాడ్జి ఉన్న వీధిని తప్పించి చుట్టు తిరిగి పోతాను. ఎందుకో చెప్తాను, నవ్వితే నవ్వండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కోరుట్లలో అమ్మానాన్నల దగ్గర ఉంటూ డిగ్రీ ఇంగ్లిష్ పేపరు మూడోసారి రాయబోతున్నాను. రెండుసార్లు తప్పినవాడికి ఆ భాష మీద కోపం రావాలి కదా? నాకు భక్తి పెరిగింది. పాత పుస్తకాల బండి మీద ఒక లావుపాటి డిక్షనరీ కొన్నాను. అట్ట లేదు, మొదటి అక్షరంలో సగం పేజీలు లేవు. అంటే ఆపిల్ అంటే ఏమిటో నాకు తెలియదు గానీ తక్కిన ఇంగ్లిషంతా వచ్చన్నమాట. మా వీధిలో ఏ ఇంటికి దుబాయి కాగితం వచ్చినా చదవడానికి నన్నే పిలిచేవారు. చదివేవాణ్ని. అర్థం కాని చోట దగ్గేవాణ్ని.

ఆ డిక్షనరీలో ఒకరోజు 'రన్' అనే మాట దగ్గర ఆగిపోయాను. చిన్న మాట, దానికి అర్థాలు పేజీలకు పేజీలు! మనిషి పరుగెత్తినా రన్నే, ముక్కు కారినా రన్నే. నీళ్లు పారినా, యంత్రం ఆడినా, దుకాణం నడిపినా రన్నే. ఆఖరికి ఎన్నికల్లో నిలబడినా రన్నేనట. నిలబడటం కూడా పరుగే అయిన భాషను ఏమనాలో మీరే చెప్పండి. అప్పుడు నా బుర్రలో ఒక సిద్ధాంతం పుట్టింది. వంద మాటలు నేర్చుకునే బదులు వంద అర్థాలున్న ఒక్క మాట నేర్చుకుంటే పోలా? ఇంత సులువైన దారి మా మాస్టర్లకు ఎందుకు తట్టలేదా అని జాలిపడ్డాను కూడా.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నా విషయంలో సామెత కాస్త పక్కకు జరిగింది. నేను తీసిన గోతిలో మా బావ పడ్డాడు.

మా బావ పేరు రాజేశం. సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ఆ ఏడు నూలు ధర పిరమైంది, బట్ట కొనేవాడు లేడు. సాంచలున్న ఆసాములు ఒకరి తర్వాత ఒకరు వాటిని ఆపేశారు. పొద్దస్తమానం టకటకలాడే వీధి మూగపోయింది. కొందరు భీవండి పోయారు, కొందరు సూరత్ పోయారు. ఒకరిద్దరు ఎక్కడికీ పోలేక, చేసుకోకూడని పని చేసుకున్నారు. ఆ కబురు విన్నప్పటి నుంచి మా అక్క బావను ఒంటరిగా బయటికి పంపడం మానేసింది. పెళ్లయిన ఆరేళ్లకు అప్పుడే అక్కకు అయిదో నెల. పుట్టబోయే బిడ్డకు పాలడబ్బా ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఆ ఇంట్లో అందరి బెంగ.

ఇద్దరూ కోరుట్ల వచ్చారు. మా నాన్న ఒక ఏజెంటును పిలిపించాడు.

"వచ్చే మంగళవారం జగిత్యాల లాడ్జిల ఇంటర్వ్యూ ఉన్నది. దుబాయిల తువ్వాలల ఫ్యాక్టరీ. ఆరుగురినే తీసుకుంటరు" అని చెప్పి, లేచి చెప్పులు వేసుకుంటూ, "జెరంత ఇంగ్లిష్ వస్తే ఇంక మంచిది" అన్నాడు.

ఆ చివరి ముక్క నా చెవిలో పడకపోయి ఉంటే ఈ కథ లేదు.

"నాకు ఉర్దూ మంచిగస్తది గద. గది నడువదా?" అన్నాడు బావ. ఆయనకు చిన్నప్పుడు సాంచ పని నేర్పింది పక్కింటి ఖాదర్ మామ. ఆ ఇంట్లో పనీ, ఉర్దూ రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఏంది బావా! కంపెనీ సాబు ముంగట ఉర్దూనా? ఇజ్జత్ పోతది" అన్నాను. ఇజ్జత్ ఏ భాషలోంచి వచ్చిందో నాకప్పుడు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రమే పాఠం మొదలైంది.

"ముక్కు కారుతంది. ఇంగ్లిష్‌ల?"

"రన్."

"నీళ్లు పారుతున్నయి?"

"రన్."

"శబాష్! సాంచ నడుస్తంది?"

"నడుస్తలేదు గదరా."

"నడుస్తందనుకో బావా."

"అనుకుంటే నడుస్తదా?" అన్నాడు. నేను డిక్షనరీలో పేజీ తిప్పాను. దగ్గాను.

చిక్కుడుకాయలు తుంచుతున్న అక్క తలెత్తింది. "తమ్మీ, ఏమడిగినా ఒక్కటే చెప్పుడైతే ఆళ్లు అడుగుడెందుకు?"

"నీకు తెల్వదక్కా, నువ్వూకో" అన్నాను. చూశారా, ఆ ఇంట్లో తెలివైన ప్రశ్న అడిగింది ఒక్కతే. ఆమె నోరే ముందు మూయించాను.

మూడు రోజులు గడిచేసరికి బావ బక్కచిక్కిపోయాడు. అన్నం ముందు కూర్చుని "రన్, రన్" అని గొణుక్కునేవాడు. ఎంత నేర్పినా కంగారు పడితే ఉర్దూలోకి జారేవాడు. ఈ జారుడుకు అడ్డుకట్ట వేయాలని నేను చేసిన పనే అసలు ప్రమాదం. శనివారం అందరం కొండగట్టు వెళ్లాం. ఏ పనికి బయల్దేరినా ముందు ఆ కొండ మీది ఆంజనేయుడికి, మా అంజన్నకు, చెప్పుకోవడం మా ఇంటి అలవాటు. దర్శనం అయ్యాక బావను మెట్ల దగ్గర ఆపాను.

"బావా, ఒట్టు పెట్టు. మంగళవారం లాడ్జి మెట్లెక్కిన కాన్నుంచి మల్ల దిగేదాక, ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష నోట్లకెళ్లి రావద్దు."

బావ ముఖం మాడిపోయింది. "అంజన్న మీదనా?" అన్నాడు.

"అంజన్న మీదనే."

మా బావ ఒట్టు సంగతి మీకు చెప్పాలి. అయిదేళ్ల కింద ఆ గుడిలోనే కల్లు మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఒకసారి డాక్టరు దగ్గుమందు ఇస్తే, మూత తీసి వాసన చూసి, "దీంట్ల సార వాసనొస్తంది" అని మోరీలో పారబోశాడు. నెలరోజులు దగ్గాడు గానీ ఒట్టు తప్పలేదు. అలాంటి మనిషి చేత నేను ఒట్టు వేయించాను. వేయించి, లడ్డూ తిన్నాను.

మంగళవారం. లాడ్జి మెట్ల మీద పాతికమంది. బావది పదకొండో నంబరు. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. మొదట లోపలికి వెళ్లిన మెట్‌పల్లి మనిషి పావుగంటకు బయటికి వచ్చాడు.

"అన్నా, ఇంగ్లిష్‌ల ఏమేం అడిగిండ్రు?" అని ఎదురెళ్లాను.

"ఇంగ్లిషా? గా ముచ్చటే లేదు తమ్మీ. సాబు హైదరాబాదాయన. అంత ఉర్దూలనే."

పాతికమందిలో అందరికన్నా మంచి ఉర్దూ వచ్చిన మనిషి నోటికి నేనే తాళం వేశాను. తాళంచెవి కొండ మీద ఉంది. బావ దగ్గరికి ఉరికాను.

"బావా, తప్పైంది! ఉర్దూల మాట్లాడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు!"

బావ నా వైపు చూశాడు. అప్పటికే మెట్లు ఎక్కి ఉన్నాడు కదా, పెదవి విప్పలేదు. తల అడ్డంగా ఊపాడు.

"నేనే వేయించిన, నేనే తీసేస్తున్న బావా! నీ కాల్మొక్కుత!"

మళ్లీ అడ్డంగా ఊపాడు. కొండగట్టు దిక్కుకు చెయ్యి చూపించాడు. నోటినిండా ఉన్న ఒకే ఒక్క మాటను, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా నా మీద ప్రయోగించాడు.

"రన్!"

ఆ మాటకు ఉన్న అర్థాలన్నింటిలో మొట్టమొదటిది నాకప్పుడు బాగా ఎక్కింది. ఉరికాను. బస్టాండుకు ఉరికి, కొండగట్టు మీదుగా పోయే కరీంనగర్ బస్సెక్కాను. కిటికీలోంచి తల బయటపెట్టి, బస్సును నేనే ముందుకు లాగుతున్నట్టు కూర్చున్నాను. దూరపు కొండలు నునుపంటారు. ఆ రోజు దగ్గరి కొండ కూడా ఎంతకీ రాలేదు. కొండ కింద దిగి, ఆటో దొరక్క, సగం దారి నడిచి సగం దారి పాకి పైకి చేరాను. మంగళవారం కదా, ఇసుక వేస్తే రాలని జనం. క్యూలో ఉన్నవాళ్ల కాళ్లావేళ్లా పడి పూజారి ముందుకు వెళ్లాను.

"అయ్యా, ఒక ఒట్టు తియ్యాలె. జల్ది!"

"ఎవరిది నాయినా?"

"మా బావది."

"ఆయనేడి?"

"జగిత్యాలల ఉన్నడు. నోరు తెరుస్తలేడు."

పూజారి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఒట్టు ఎవరిదైతే ఆయనే రావాలె గదా!"

"వేయించినోన్ని నేనే అయ్యా. మా అక్కకు అయిదో నెల" అన్నాను. అక్కడే ఏడ్చేశాను. ఒట్టుకూ అయిదో నెలకూ సంబంధమేమిటో ఆయన అడగలేదు.

"వేయించినోనికి సగం బరువుంటది. కొబ్బరికాయ కొట్టు, సిందూరం తీస్కపోయి ఆయనకు పెట్టు" అన్నాడు.

కొట్టాను. రెండు చిప్పలు పట్టుకుని ఇటు తిరిగానో లేదో ఒక కోతి వచ్చి రెండూ లాక్కుంది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అని వినడమే గానీ, ఆ సామెత నా చేతిలోంచే జరుగుతుందని అనుకోలేదు. సిందూరం పొట్లం ఒక్కటే మిగిలింది. గుప్పిట్లో పెట్టుకుని కొండ దిగాను.

జగిత్యాల చేరేసరికి రెండు దాటింది. లాడ్జి ముందు జనం లేరు. బావ ఒక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. ఇంకా దిగలేదు. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. నాకు అక్క గుర్తొచ్చింది. సిరిసిల్లలో ఆగిపోయిన సాంచ గుర్తొచ్చింది. గబగబా పొట్లం విప్పి ఆయన నుదుటికి సిందూరం పెట్టాను, కాస్త ముక్కు మీద కూడా పడింది.

"ఇగ మాట్లాడు బావా. తిట్టు. కొట్టు. ఏదో ఒకటి అను."

బావ ఒక పెద్ద ఊపిరి వదిలాడు. "నీళ్లుంటే తే" అన్నాడు.

నీళ్లు తాగాక మెల్లగా చెప్పాడు. "పేరడిగిండు, చెప్పిన. పేరు ఏ భాషలనైనా పేరే. ఎన్నేండ్లు పని చేసినవన్నడు. పది వేళ్లు రెండుమాట్ల చూపెట్టిన. పోగు తెగితే ఏం జేస్తవన్నడు. టేబుల్ మీద తువ్వాల ఉండె. అంచుకెళ్లి పోగు పీకి, తెంపి, ముడేసి ఆయన చేతుల పెట్టిన. ముడి ఏడున్నదో కండ్లద్దాలు పెట్టుకోని దేవులాడిండు."

"మరి?"

"రెండేండ్లదాక ఇంటికి తోలేది లేదన్నడు. మంజూరేనా అన్నడు." బావ ఆగాడు. "గప్పుడు అడుగుదామనుకున్నరా. కాన్పు టైంకు ఒక్క వారమన్న తోల్తరా అని. ఉర్దూ మాటలన్ని నాలిక కొసకొచ్చినయి. అంజన్న యాదికొచ్చిండు. సరేనని తలూపిన."

జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. "ఏం రాసిండో చూడు. నాకంటే ముంగటోళ్లు లీవు ముచ్చట, రూము ముచ్చట అడిగితే సగంమందిని తిప్పి పంపిండు."

చదివాను. ఉద్యోగం వచ్చింది. కింద ఒక వరుస ఇంగ్లిష్‌లో రాసి ఉంది. నా జీవితంలో మొదటిసారి డిక్షనరీ అవసరం లేకుండా అర్థమైన వరుస అది. 'పని బాగా తెలుసు. ప్రశ్నలు అడగడు.'

"ఏమున్నదిరా?" అన్నాడు బావ.

"పనిమంతుడని రాసిండు బావా" అన్నాను. ఆ ముక్క కూడా ఉంది కదా. రెండోది చదవడానికి నాకు నోరు రాలేదు.

ఇంటికి వెళితే అందరూ నన్నే మెచ్చుకున్నారు. "తమ్ముడు ఇంగ్లిష్ నేర్పవట్టె అచ్చింది నౌకరి" అని అక్క నాకు రెండు గరిటెల పాయసం ఎక్కువ వేసింది. అప్పుడు కూడా దగ్గాను.

నాలుగు నెలలకు అక్కకు ఆడపిల్ల పుట్టింది. బావ రెండేళ్లకు వచ్చాడు. కోరుట్లలో మా వాకిట్లో జీపు దిగి, పెట్టె పక్కన పెట్టి, పెద్ద బొమ్మ ఒకటి చేత్తో పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. "దా బిడ్డా" అన్నాడు.

పిల్ల ఆ కొత్త మనిషిని ఒక్క క్షణం చూసింది. గిరుక్కున తిరిగి, వాకిలంతా అడ్డంపడి ఉరికొచ్చి నా లుంగీ వెనక దాక్కుంది.

చాచిన చేతులు అలాగే ఉన్నాయి. బావ తలెత్తి నా వైపు చూశాడు. మెల్లగా, ఒత్తి పలికాడు.

"రన్."

అందరూ ఘొల్లున నవ్వారు. అక్క నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను కూడా నవ్వాను. పిల్ల నా లుంగీని ఇంకా గట్టిగా పట్టుకుంది. దాన్ని ఎత్తుకుని వాళ్ల నాన్న ఒళ్లో పెట్టి, ఇంటి వెనక్కి పోయి, ముక్కు చీదుకున్నాను. దానికి ఇంగ్లిష్‌లో ఏమంటారో మీకు తెలుసు.

ఆ వారమే కొండగట్టు వెళ్లాను. ఇక మీదట ఏ మనిషి నోటికీ తాళం వేయను, అడగవలసినది అడగబోయేవాణ్ని జన్మలో ఆపను, పేరు తప్ప ఇంకేదీ ఎవరికీ ఇంగ్లిష్‌లో నేర్పను అని అంజన్న ముందు గట్టి ఒట్టు పెట్టుకుందామని చెయ్యి చాచాను. పూజారి గుర్తుపట్టాడు.

"ఒట్టా? నువ్వా? వద్దు నాయినా" అన్నాడు కంగారుగా. "కొబ్బరికాయ కొట్టి పో."

కొట్టాను. ఈసారి రెండు చిప్పలూ నా అంతట నేనే కోతికి ఇచ్చి, ఒట్టు లేకుండా, ఒట్టి మాట మీద కొండ దిగి వచ్చాను.